మోకాళ్ళు పట్టుకొని మూడు దేశాల మెట్రోలు ఎక్కాను: నా అనుభవం

2025 ఆగస్టు 12 పొద్దున శంషాబాద్‌లో దిగేసరికి నా జేబులోని చిన్న నోటుపుస్తకంలో లెక్క ఇలా ఉంది: దుబాయ్ 0, లండన్ 1,146, పారిస్ 412. ఇవి ఆ ఊళ్ళ మెట్రో స్టేషన్లలో నేను ఎక్కిన, దిగిన మెట్లు. ముప్పై రెండేళ్ళు సర్కారు బళ్ళో లెక్కలు చెప్పాను, అందుకే ఏది కనబడ్డా లెక్కపెట్టే రోగం పట్టుకుంది అంటుంది మా ఇంటామె. అసలు రోగం మోకాళ్ళది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. అక్కడి నీళ్ళ సంగతి నల్లగొండ వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. కృష్ణా నీళ్ళు వచ్చేదాకా మా తరమంతా ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళే తాగింది. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. మోకాళ్ళు ఇలా పట్టేయడం నీళ్ళ వల్లనా, అరవై రెండేళ్ళ వయసు వల్లనా అని డాక్టర్‌ను అడిగితే "రెండూ అనుకోండి సార్" అన్నాడు. చదును నేల మీద కిలోమీటరు నడుస్తాను. మెట్లు ఎక్కడం ఎలాగో అయిపోతుంది. దిగడమే నరకం. మా జిల్లాలో ఇలాంటి కాళ్ళతో పిల్లల దగ్గరికి ప్రయాణం కట్టే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. చూసిన వింతల గురించి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు.

మనవడి మొదటి పుట్టినరోజు జూన్ ఆఖర్లో. "నాన్నా, ఈసారి వంకలు పెట్టొద్దు" అని ఫిబ్రవరిలోనే లండన్‌లో ఉండే మా బిడ్డ ఫోన్‌లో గట్టిగా చెప్పింది. పోయినేడు కాన్పుకు మా వియ్యపురాలు వెళ్ళింది. నేను మోకాళ్ళ పేరు చెప్పి తప్పించుకున్నాను.

లండన్ వీసా ఫారం బిడ్డే ఆన్‌లైన్‌లో నింపింది. ఫీజు ఒక్కొక్కరికి 115 పౌండ్లు, ఏప్రిల్‌లో అది 127 అయింది కాబట్టి మేము ముందే కట్టడం మంచిదైంది. వేలిముద్రలకు మార్చి 11న రమ్మన్నారు. పది గంటల స్లాటుకు తెల్లవారుజామున అయిదు గంటల బస్సెక్కాం. మా ఇంటామె వేళ్ళు మిషన్‌కు మూడుసార్లు పెట్టినా పడలేదు. గిన్నెలు తోమీ తోమీ గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి తడి టిష్యూతో వేళ్ళు తుడిచి నాలుగోసారి పెట్టిస్తే పడ్డాయి. ఏప్రిల్ 2న పాస్‌పోర్టులు వచ్చాయి, అంటే 22 రోజులు.

తెలియక తప్పు చేసిందేమిటంటే, పారిస్ వీసాకు కూడా అప్పుడే పెట్టేద్దాం అనుకున్నాం. ఉన్నది ఒక్క పాస్‌పోర్టు, అది ఒకచోట ఉంటే ఇంకోచోట ఎలా ఇస్తారు? లండన్‌ది చేతికి వచ్చాకనే ఫ్రాన్సు వీసాకు స్లాటు వెతికాం. ఏప్రిల్ 24న దొరికింది. ఫీజు 90 యూరోలు, దాని మీద సర్వీసు చార్జీ, 30 వేల యూరోలకు తక్కువ కాని ట్రావెల్ ఇన్సూరెన్సు, పెన్షన్ పడే బ్యాంకు స్టేట్‌మెంటు. ఇంకో 20 రోజులు టెన్షన్. మే 14న అది కూడా వచ్చేసింది. దుబాయ్ వీసా మా తమ్ముడు అక్కడి నుంచే తీశాడు, ఎంత అయిందో ఇప్పటికీ చెప్పలేదు.

జూన్ 10న బయల్దేరాం. తమ్ముడు 2006 నుంచి దుబాయ్‌లోనే ఏసీలు బాగుచేస్తాడు. అల్ రిగ్గా స్టేషన్ దగ్గర చిన్న హోటల్లో మాకు రూము పెట్టాడు. పెట్టెలున్నాయి కాబట్టి ఆ రాత్రికి టాక్సీ. మర్నాటి నుంచి మెట్రోనే, ఎందుకంటే బయట 44 డిగ్రీల ఎండ. జూన్‌లో మన రామగుండం కూడా దాని ముందు చల్లనిదే.

స్టేషన్‌లోకి వెళ్ళేముందు తమ్ముడు వదిన ముఖం చూసి "వదినా, నోట్లో ఏముంది?" అన్నాడు. వక్కపలుకు. "లోపల నమిలితే వంద దిర్హాములు ఫైను. ఈడనే మింగు, లేకుంటే ఉమ్ము" అన్నాడు. వంద దిర్హాములంటే మన లెక్కలో 2,300 రూపాయల పైనే. ఆమె మింగేసింది. ఆ తర్వాత నాలుగు రోజులు స్టేషన్ కనబడితే చాలు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది.

ఫైను భయం నాకూ తప్పలేదు. రైల్లో ఆడవాళ్ళకూ పిల్లలకూ కొంత భాగం వేరుగా ఉంటుంది. నేల మీద గులాబీరంగు గీత. మా ఇంటామె ఒక్కతే అటు వెళ్ళడానికి జంకుతుంటే చెయ్యి పట్టుకొని నేను కూడా గీత దాటాను. తమ్ముడు వెనక నుంచి చొక్కా పట్టి గుంజాడు. "అన్నా, దిగు దిగు, ఇంకో వంద పోతయ్!" గీతకు అటు ఆమె, ఇటు నేను, మధ్యలో మూడడుగులు. పెళ్ళి చూపుల్లో కూడా అంత దూరంగా నిలబడలేదు.

ఇక మోకాళ్ళ సంగతి. దుబాయ్ మెట్రో 2009 సెప్టెంబర్ 9న మొదలైంది, అంటే నా పెద్ద శిష్యుల కంటే చిన్నది. రోడ్డు మీద లిఫ్టు ఎక్కితే టికెట్ గేట్ల దగ్గర దిగుతాం, అక్కడ ఇంకో లిఫ్టు ఎక్కితే ప్లాట్‌ఫారం. రైలు గడప ప్లాట్‌ఫారంతో సమానంగా ఉంటుంది, కాలు ఎత్తే పనే లేదు. డ్రైవర్ లేని రైలు అని అందరూ గొప్పగా చెబుతారు గానీ, నాకు గొప్పగా అనిపించింది ఆ గడపే. నాలుగు రోజుల్లో ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు, దిగలేదు. అయితే నడక ఉంది. బుర్జ్ ఖలీఫా స్టేషన్ నుంచి మాల్ దాకా ఏసీ వంతెన ఎంతకీ తెగదు. నడిచే పట్టీలు ఉన్నా అవి పరుచుకున్నంత మేరే, మధ్యలో మన కాళ్ళే దిక్కు. కార్డు సంగతి కూడా ముందే తెలిస్తే మంచిది. అక్కడి మెట్రో కార్డు పేరు నోల్. మామూలు నోల్ కార్డు అప్పుడు 25 దిర్హాములు, అందులో 19 మనం వాడుకోవచ్చు. దూరాన్ని బట్టి 3, 5, 7.5 దిర్హాములు పోతాయి. గోల్డ్ క్లాస్‌కు దానికి రెట్టింపు. పొరపాటున గోల్డ్ డబ్బాలో మామూలు కార్డుతో కూర్చుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి, తమ్ముడు మాత్రం మమ్మల్ని ఆ వైపు పోనివ్వలేదు.

దుబాయ్ చూశాక, మెట్రో అంటే ఇంతే కదా, ప్రపంచమంతా ఇలాగే ఉంటుంది అనుకున్నాను. హైదరాబాద్‌లోనూ ఎల్బీనగర్‌లో బస్సు దిగి లిఫ్టులోనే కదా పైకి పోతాం. ఆ ధీమాతోనే జూన్ 15న లండన్‌లో దిగాను.

మొదటి రోజు ధీమా చెడలేదు. అల్లుడు హీత్రూకు వచ్చి ఎలిజబెత్ లైన్ ఎక్కించాడు. అది 2022 మేలో మొదలైన లైను. విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు పాత పికడిల్లీ లైన్‌లో అయితే అప్పుడు 5.80 పౌండ్లు, దీనిలో అయితే 13.90. "ఎనిమిది పౌండ్లు ఊరికే ఎందుకు బాబూ" అన్నాను. అల్లుడు నవ్వి "మామయ్యా, ఈ ఎనిమిది పౌండ్లు లిఫ్టులకు" అన్నాడు. అప్పుడు అర్థం కాలేదు.

అక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. టికెట్ కొననక్కరలేదు, బ్యాంకు కార్డునే గేటు మీద తాకిస్తే సరిపోతుంది, కానీ మనిషికో కార్డు ఉండాలి. అల్లుడి కార్డు ఒక్కటి పట్టుకొని ఆయన, తర్వాత నేను, తర్వాత మా ఇంటామె పోదాం అంటే కుదరదు. మొదటి మనిషికి తెరుచుకున్న గేటు రెండో మనిషికి ఎర్రలైటు వేసింది. ఏడు పౌండ్లు పెట్టి ఆమెకొక ఆయిస్టర్ కార్డు, అంటే అక్కడి ప్రయాణాల కార్డు, కొన్నాం, ఆ ఏడు తిరిగి రావు. ఎక్కేటప్పుడు తాకించినట్టే దిగేటప్పుడు కూడా తాకించాలి, లేకపోతే ఎక్కువ కోసేస్తారు. రోజంతా ఎంత తిరిగినా ఒక హద్దు దాటి కొయ్యరు. మా బిడ్డ ఉండే ఇల్ఫర్డ్ చార్జీల లెక్కలో నాలుగో జోన్, అక్కడి నుంచి నడిబొడ్డు దాకా అప్పుడు రోజుకు 12.80 పౌండ్ల హద్దు. దాదాపు పదిహేను వందల రూపాయలు! "ఆధార్ చూపిస్తే ఆడోళ్ళకు జీరో టికెట్ లేదా?" అని మా ఇంటామె అమాయకంగానే అడిగింది. అరవై దాటినవాళ్ళకు ఉచిత కార్డు ఉందట గానీ అది లండన్ నివాసులకే.

మొదటి వారం ఎలిజబెత్ లైన్‌లోనే తిరిగాం. ఆ లైను స్టేషన్లన్నిటిలో మెట్టు ఎక్కకుండానే ప్లాట్‌ఫారం దాకా పోవచ్చు. మా మనవడి తోపుడు బండీ, నా మోకాళ్ళూ ఒక జట్టు. వాడి చక్రాలు ఎక్కడికి పోగలవో నేనూ అక్కడికి పోగలను. కాకపోతే స్టేషన్లు మహా పొడుగు. రైలే 200 మీటర్ల పైన ఉంటుంది. జూన్ 20న లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగి, జనం పోతున్న వైపే పోయి పైకి వచ్చి చూస్తే బోర్డు మీద మూర్‌గేట్ అని ఉంది. ఒక స్టేషన్‌లో దిగి ఇంకో స్టేషన్‌లో తేలడమేమిటని బుర్ర తిరిగింది. ప్లాట్‌ఫారం ఒక కొస లివర్‌పూల్ స్ట్రీట్ కిందా, రెండో కొస మూర్‌గేట్ కిందా ఉంటుందట. రైలు దిగాక బోర్డు చదవకుండా ఒక్క అడుగు వెయ్యకూడదని ఆ రోజు నేర్చుకున్నాను.

అసలు దెబ్బ జూన్ 25న తగిలింది. పుట్టినరోజు సామాను కోసం నేనూ మా ఇంటామే ఇద్దరమే బయల్దేరాం. బిడ్డకు ఆఫీసు ఉంది, "నాన్నా, ఫోన్‌లో దారి పెట్టాను, అదే చూసుకొని పోండి" అంది. ఫోన్ దగ్గరి దారి చూపించింది, నా మోకాళ్ళ సంగతి దానికేం తెలుసు? పాత లైన్లోకి మారమంది, మారాం. దిగిన స్టేషన్ పేరు ఇక్కడ ఎందుకులెండి. మూడు ఎస్కలేటర్లలో ఒకటి విప్పి పెట్టి ఉంది, ఒకటి దిగడానికి, మూడోది ఆగిపోయి ఉంది. జనమంతా ఆగిన ఎస్కలేటర్ మీదే మెట్ల లాగా నడుచుకుంటూ ఎక్కుతున్నారు. ఎస్కలేటర్ మెట్టు మామూలు మెట్టు కంటే ఎత్తు, ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. 96 మెట్లు. నలభైయో మెట్టు దగ్గర కుడిపక్క గోడకు ఆనుకున్నాను. వెనక వచ్చేవాళ్ళు ఏమీ అనకుండా పక్క నుంచి పోతూనే ఉన్నారు. మా ఇంటామె చీర కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళ ఎత్తున పట్టుకొని రెండు మెట్లు పైన నిలబడి, నన్ను చూస్తూ, "పైకి చూడకు, ఒక్కొక్క మెట్టే చూడు" అంది. శ్రీశైలం పాతాళగంగ దగ్గర ఇరవై ఏళ్ళ కింద ఆమెకు నేను చెప్పిన మాటే అది.

పైకి వచ్చాక ఎడమ మోకాలు కొబ్బరికాయంత అయింది. ఇంటికి బస్సులో వచ్చాం. మూడు రోజులు మంచం మీదే. ఫ్రిజ్‌లో ఉన్న బఠానీల ప్యాకెట్టు గుడ్డలో చుట్టి కట్టుకున్నాను, నల్లగొండ నుంచి తెచ్చుకున్న స్ప్రే సగం అయిపోయింది. పుట్టినరోజు నాడు కుర్చీలోనే కూర్చొని అక్షింతలు వేశాను. బయట ఎండ 30 దాటింది, అక్కడి ఇళ్ళల్లో ఫ్యాను కూడా ఉండదు. ఇంత దూరం వచ్చి మంచం పట్టానే అని ఒక రాత్రి నిజంగానే ఏడుపొచ్చింది. మా ఇంటామె చూసి కూడా చూడనట్టే అటు తిరిగి పడుకుంది.

మంచం మీద ఉండగానే అల్లుడు ఆ లైన్ల మ్యాపు ప్రింటు తీసి ఇచ్చాడు. నాకు అది పాఠ్యపుస్తకం అయింది. లండన్ భూగర్భ రైలుకు 272 స్టేషన్లు. మెట్టు లేకుండా ప్లాట్‌ఫారం దాకా పోగలిగేవి అందులో మూడో వంతు. వాటి పక్కన చక్రాల కుర్చీ గుర్తు ఉంటుంది. ఆ గుర్తులోనూ రెండు రకాలు ఉన్నాయని చాలామంది గమనించరు. నీలం వృత్తంలో తెల్ల కుర్చీ ఉంటే రోడ్డు నుంచి రైల్లోకి దాకా మెట్టు లేదు. తెల్ల వృత్తంలో నీలం కుర్చీ ఉంటే ప్లాట్‌ఫారం దాకే లేదు, ఆ తర్వాత రైలు గడప ఎత్తో పల్లమో ఉంటుంది, సందు కూడా ఉంటుంది. బ్యాంక్ స్టేషన్‌లో సెంట్రల్ లైన్ ప్లాట్‌ఫారం వంకరగా ఉంది. అక్కడ సందులో నా పాదం నిలువుగా పట్టేటట్టుంది. "మైండ్ ద గ్యాప్" అని మైకులో ఊరికే అరవరు.

ఎందుకింత తేడా అంటే పుట్టుక తేడా. లండన్‌లో మొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10న, పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా నడిచింది, అది కూడా ఆవిరి ఇంజన్‌తో. నిజాం సర్కారు రైలు సికింద్రాబాద్‌కు వచ్చింది 1874లో. అంటే మనకు భూమి మీద రైలు రాకముందు వాళ్ళకు భూమి కింద రైలుంది. ఆనాడు తవ్వినవాళ్ళు మర్రిగూడ మోకాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు, తప్పు పట్టలేం. ఇప్పుడు ఆ ఇరుకు సొరంగాల్లో లిఫ్టు దించాలంటే పైన ఉన్న ఇళ్ళూ బ్యాంకులూ ఏమవ్వాలి? ఈ మాట మంచం దిగాక నెమ్మదిగా అన్నాను. ఎక్కుతున్నప్పుడు మాత్రం చాలా తిట్టాను.

బిడ్డ ఇంకో పని చేసింది. కాన్పుకు ముందు ఆమెకు 'బేబీ ఆన్ బోర్డ్' అని ఒక గుండ్రటి బ్యాడ్జి ఉండేదట, అది చూసి రైల్లో సీటు ఇచ్చేవారట. పైకి కనబడని జబ్బులున్న వాళ్ళకు కూడా అలాంటిదే నీలంరంగుది ఉంది, 'ప్లీజ్ ఆఫర్ మీ ఎ సీట్' అని రాసి ఉంటుంది. ఆన్‌లైన్‌లో అడిగితే డబ్బులు లేకుండా పోస్టులో పంపారు. డాక్టర్ చీటీ అడగలేదు. వారం రోజుల్లో వచ్చింది. మొదట సిగ్గనిపించింది, సీటు అడుక్కుంటున్నట్టు. జులై 4న పెట్టుకొని ఎక్కాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఫోన్ చూస్తున్న కుర్రాడు తల ఎత్తి, బ్యాడ్జి చూసి, లేచి, మళ్ళీ ఫోన్ చూసుకున్నాడు. ఒక్క మాట లేదు. "ఏమైంది పెద్దాయనా, ఏ ఊరు, ఎవరి దగ్గరికి" అని అడగకుండా సీటు ఇవ్వడం నాకైతే కొత్త.

ఆ తర్వాత దారి ముందే రాసుకొని తిరిగాం. కొన్నిసార్లు మెట్రో వదిలేసి బస్సెక్కాం, అప్పుడు 1.75 పౌండ్లు, గంట లోపల ఇంకో బస్సు మారినా మళ్ళీ కొయ్యరు. ఆ బస్సు స్టాపులో ఆగి బుస్సుమని శబ్దం చేస్తూ మనవైపు కాస్త కిందికి వంగుతుంది. నా మోకాళ్ళు వంగవని తెలిసి అదే వంగిందా అన్నట్టు ఉంటుంది! కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో 193 మెట్లున్నాయని, లిఫ్టు వాడమని బోర్డు పెట్టారు. లిఫ్టు దగ్గర లైనులో పది నిమిషాలు నిలబడి మర్యాదగా పైకి వచ్చాం. ఎస్కలేటర్ మీద కుడివైపే నిలబడాలి, ఎడమవైపు నడిచేవాళ్ళకు. అది మా ఇంటామెకు అలవాటు కావడానికి మూడు 'ఎక్స్‌క్యూజ్ మీ'లు పట్టింది.

జులై 8న పారిస్. లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ నుంచి రైల్లో రెండు గంటల పావు, మధ్యలో సముద్రం కింద సొరంగం. ఫ్రాన్సు పోలీసులు లండన్‌లోనే పాస్‌పోర్టు మీద ముద్ర వేసేశారు, దిగాక ఏ క్యూ లేదు. నలుగురికీ రానూపోనూ, మూడు రాత్రుల హోటలూ కలిపి అల్లుడికి లక్షకు పైనే అయి ఉంటుంది. నేనడిగితే "మీరు మెట్లు లెక్కపెట్టండి మామయ్యా, డబ్బులు నేను లెక్కపెడతా" అన్నాడు.

ఈసారి బిడ్డ తెలివిగా గార్ ద లియోన్ స్టేషన్ పక్కన హోటల్ తీసింది, పద్నాలుగో లైను కోసం. పారిస్ మెట్రో 1900 జులై 19న మొదలైంది. ఆ ఊరి మెట్రోలో మొత్తం లిఫ్టులున్న లైను అప్పటికి ఈ పద్నాలుగోది ఒక్కటే. 1998లో మొదలైంది కాబట్టి. అది దుబాయ్‌కి అక్క, డ్రైవర్ ఉండడు, ప్లాట్‌ఫారం మీద అద్దాల తలుపులు, సమానమైన గడప. దాని మీద ఉన్నంతసేపు రాజభోగం.

బెర్సీలో ఆరో లైనుకు మారామో లేదో రాజభోగం అయిపోయింది. అయిదు మెట్లు ఎక్కడం, సొరంగంలో మలుపు తిరగడం, పన్నెండు మెట్లు దిగడం, మళ్ళీ మలుపు. లండన్‌లో మెట్లు ఒకేచోట కొండలా ఉంటాయి. పారిస్‌లో చిల్లర పైసల్లా ఉంటాయి, ఇక్కడ ఆరు, అక్కడ తొమ్మిది. చూస్తే తక్కువే, సాయంత్రానికి కూడితే బరువు. మనవడి బండిని అల్లుడు ఒక చేత్తో ఎత్తి నడుస్తుంటే, ఎవరూ అడగకుండానే ఒక ఆఫ్రికా మనిషి వచ్చి ముందు చక్రాలు పట్టుకున్నాడు. మూడు రోజుల్లో అలా నలుగురైదుగురు పట్టారు. లిఫ్టులు లేని ఊళ్ళో మనుషులే లిఫ్టులు.

ఆరో లైను మాత్రం మోకాళ్ళు నొచ్చినా ఎక్కండి. సగం దారి నేల మీద వంతెనల మీదే పోతుంది. ఈఫిల్ టవర్‌కు బిర్-అకీమ్‌లో దిగాలి. అల్లుడు దిగనివ్వకుండా ఇంకో స్టాపు, పాసీ దాకా తీసుకుపోయాడు. ఆ ఒక్క నిమిషంలో రైలు సెన్ నదిని దాటుతుంటే టవర్ మొత్తం కిటికీలో నిండిపోతుంది. మళ్ళీ వెనక్కి వచ్చాం. టవర్ కింద నిలబడి చూసినదాని కంటే అదే బాగుంది, పైగా కూర్చొని చూశాం.

టికెట్ అప్పుడు 2.50 యూరోలు, 250 రూపాయలు అనుకోండి. రెండు యూరోలు పెట్టి మనిషికో కార్డు కొని అందులో టికెట్లు వేసుకున్నాం. ఇక్కడ ఎక్కేటప్పుడే గేటు మీద తాకించాలి, దిగేటప్పుడు మెట్రోలో అడగరు. కాగితం ముక్కలన్నీ ఏరి బ్యాగు సర్దే అలవాటు మా ఇంటామెది. "దిగేటప్పుడు ఎవరూ అడగడం లేదుగా, ఇది ఎందుకు" అని రెండో రోజు కార్డును హోటల్లో టీవీ దగ్గర పెట్టబోయింది. ఎందుకో బిడ్డ చూసి లాక్కుంది. అదే సాయంత్రం రైలు దిగి మూల తిరిగేసరికి ఆకుపచ్చ బట్టల్లో అయిదుగురు దారికి అడ్డంగా నిలబడి, ఒక్కొక్కరి కార్డూ చిన్న మిషన్‌తో చూస్తున్నారు. మా కార్డులన్నీ పచ్చలైటు వేశాయి. మా వెనక వచ్చిన ఇద్దరు టూరిస్టులు పర్సు తీయాల్సి వచ్చింది.

జులై 11న లండన్‌కు, ఇంకో నెల రోజులు అక్కడ. ఆ నెలలో చెప్పడానికి కొత్త కష్టమేమీ లేదు. ఆగస్టు 11 రాత్రి విమానం.

ఆగస్టు 21న మోకాలి ఎక్స్‌రేకు హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో. మే 24 నుంచి చార్జీలు 11 నుంచి 69 రూపాయలు అయ్యాయి, దాని మీద గొడవ బాగానే జరిగింది. లండన్ లెక్క మీద చూస్తే ఉత్త పుణ్యానికే. నా నోటుపుస్తకంలో హైదరాబాద్‌కు కూడా సున్నానే వేద్దామనుకున్నాను. లిఫ్టు ఉంది, గడప సమానంగా ఉంది, రైలు రెండు నిమిషాల్లో వచ్చింది. కానీ దిగిన స్టేషన్‌లో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా మూడు స్కూటర్లు, ఒక కొబ్బరిబొండాల బండి. వాటి పక్క నుంచి పోలేక ఫుట్‌పాత్ అంచు దిగి, రోడ్డు మీద నడిచి, మళ్ళీ అంచు ఎక్కాను. రెండు మెట్లు. హైదరాబాద్: 2 అని రాసుకున్నాను.

సాయంత్రం నల్లగొండ బస్సు కిక్కిరిసి ఉంది. మా ఇంటామె జీరో టికెట్ పట్టుకొని ముందే ఎక్కి మూడో వరుసలో కూర్చుంది. బస్సు మొదటి మెట్టు నా మోకాలి ఎత్తు. కమ్మీ పట్టుకొని ఎలాగో ఎక్కి నిలబడ్డాను. చొక్కాకు ఆ నీలం బ్యాడ్జి ఇంకా ఉంది, పొద్దున మెట్రోలో అలవాటుగా పెట్టుకున్నాను, తియ్యడం మరిచిపోయాను.

సర్పంచి ఎలక్షన్లు ఎప్పుడని ఊళ్ళన్నీ ఎదురుచూస్తున్న రోజులు. పక్క సీటులో తువాలు భుజాన వేసుకున్న పెద్దమనిషి చాలాసేపు నా చొక్కా వైపు చూసి, "ఏ పార్టీది సారూ ఆ బిళ్ళ?" అన్నాడు. వెనక సీటులో ఉన్న ఇంటర్ పిల్ల ముందుకు వంగి చదివింది. "పార్టీది కాదు తాతా, సీటు ఇయ్యమని రాసుంది ఇంగ్లీషుల" అని కిసుక్కున నవ్వి లేచి నిలబడింది. వద్దమ్మా అన్నా వినలేదు.

కూర్చున్నాక ఆ పెద్దమనిషి నా వైపు వెనక్కి తిరిగాడు. నవ్వితే ఆయన పళ్ళ మీద కూడా అవే గోధుమరంగు చారలు.

"మాది నాంపల్లి మండలం. నాయీ మోకాళ్ళే సారూ. ఆ బిళ్ళ ఎంతకిస్తరు?"